భుజం లోతు

దొరివాల్దా కుడిచేయి
ఎడమచేతికన్నా ఒక వన్నె నలుపు.
బురద ఎక్కడిదాకా ఎక్కుతుందో అక్కడ,
సంకకు కాస్త కింద,
కడుక్కున్నా పోని గీత.

"ఇది నా కొలబద్ద" అంటుంది.
"చేయి మొత్తం దిగిందా, ఆ నేల బతికున్నట్టు.
మోచేతి దగ్గరే ఆగిందా,
లోపల ఎవరో పోయినట్టు."

పరా తీరంలో
సముద్రం ఆరు గంటలకోసారి మనసు మార్చుకుంటుంది.
మడచెట్లు మోకాళ్లు పైకెత్తి నిలబడతాయి.
తగరపు డబ్బాలో చెదపుట్ట ముక్క రాజేసి
నడుముకు వేలాడదీసుకుని వెళ్తుంది ఆమె.
ఆ పొగ దోమలకు కాదు,
దోమకన్నా చిన్నవాటికి,
కంటికి కనబడకుండా కన్నునే కరిచేవాటికి.

ఒక ఆకు రాలుతుంది.
పండు పసుపు. ఒక్కటే.
నేలను తాకిన చప్పుడు మనకు వినబడదు,
కింద ఎవరికో వినబడుతుంది.
కలుగులోంచి ఒక వెంట్రుకల కాలు,
దాని వెనక ఇంకోటి,
తర్వాత నీలి పెంకు.
దొంగలా కాదు,
బాకీ వసూలుకొచ్చిన మనిషిలా
అడ్డంగా నడిచొచ్చి
తొడిమ పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోతుంది.

ఇంకో గంట ఆగితే పోటొచ్చి
ఆ ఆకును సముద్రానికి ఇచ్చేసేది.
ఇప్పుడది చెట్టుకే తిరిగి దక్కింది,
కొంచెం పీత కడుపు గుండా,
కొంచెం కుళ్లు గుండా.
రాల్చిన కూడే మళ్లీ వేరుకు వడ్డన,
వడ్డించే చేతులు మాత్రం పది.

కలుగు గుండా గాలి దిగుతుంది,
ఉప్పునీరు దిగుతుంది,
మురిగిన గుడ్డు వాసన పైకొస్తుంది.
అడవికి ముక్కెక్కడ అని అడిగితే
ఆమె ఈ బొక్కలే చూపిస్తుంది.

బెలెం నుంచి ఇతామార్ అనే కుర్రాడొచ్చాడు.
నాలుగు కర్రలు పాతి, వల చుట్టి
పీతలు లేని చదరం ఒకటి చేశాడు.
పక్కనే ఇంకోటి, వల లేకుండా.
రెండేళ్లు ఆకులు లెక్కబెట్టాడు.
వల లోపల ఆకులు చాపలా పేరుకున్నాయి,
చాప కింద బురద బిగిసి నల్లబడింది.
"ఇది తెలుసుకోడానికి రెండేళ్లా నాయనా?"
చేయి దించింది. మోచేయి దాటలేదు.
"నా చేతి కొలత కూడా రాసుకో."
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.
అప్పుడు టేపు తీశాడు.
యాభై తొమ్మిది సెంటీమీటర్లు.

పీత కష్టాలు పీతవని
ఊరుకోడానికి ఇక్కడ కుదరదు.
తాడుకు పద్నాలుగు పీతలు, సంతలో ఒక ధర.
అరచేయంత పెరగడానికి ఒక్కోదానికి ఎనిమిదేళ్లు,
అంటే ఆమె చిన్నకూతురు లూసియెని కన్నా
ఏడాది పెద్దది.
ఆ సంగతి సంతలో ఎవరికీ చెప్పదు.
వేళ్లతో పొట్ట తడిమి
ఆడదైతే వదిలేస్తుంది:
"పోవే, పోయి పని చూసుకో."

రోడ్డుకు అవతల, కాలువ తెగిన వైపు
చెట్లు నిలబడే ఎండిపోయాయి.
వాళ్లమ్మ పీతలు పట్టిన చోటది.
అటు చేయి పెట్టి చూడదు.
ఎర్ర కంకణం పిట్టలు కూడా అటు వాలవు.
చిన్న పీతల్ని తిని తిని
ఆ ఎరుపు తెచ్చుకున్న పిట్టలవి,
ఎక్కడ వాలాలో వాటికి తెలుసు.

జనవరి అమావాస్య వెళ్లిన రాత్రి
పీతలన్నీ కలుగులు విడిచి
జతల కోసం నడుస్తాయి.
వంగి ఏరుకోవడమే.
వద్దంటుంది చట్టం,
కానీ చట్టం ఆ బురదలోకి దిగదు.
దొరివాల్దా దిగింది, బుట్ట లేకుండా.
ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక
చంకల్లో పెట్టుకుంది.
చుట్టూ చిటపట, చిటపట,
వాన లేని వాన.

ఒక మగ పీత
ఆమె పాదం మీదికెక్కింది.
వేరనుకుంది కాబోలు,
కాసేపు ఆగి, తడిమి, అవతలికి దిగింది.

దోమ కుట్టినా
ఆమె కదల్లేదు.