కోట కాదు

నా పని తడి కాయితం.
రాతిమీద పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి
ప్రతి గుంటలోకీ దాన్ని దించి
పైన మసి అద్దేది.
చదివేది వకుళ మేడం.
ముప్పైయొక్క ఏండ్లు ఇంతే.
నాది మసి, ఆయమ్మవి కండ్లు.

తిరుపతిలో ఆయమ్మ గదికి ఒగటే కిటికీ.
అందులో కొండ కనిపిచ్చేది. ఆయమ్మ చూసేది కాదు.
బల్లమీద యాడో ఇరాకు దేశం మట్టిపలకల బొమ్మలు,
పిచ్చికలు తిరిగిన మాదిరి రాత.
"ఏముండాది మేడం దీంట్లో?"
"అప్పు, మొగిలప్పా. ఎవడో ఎవడికో
నాలుగు కుంచాల బార్లీ బాకీ.
నాలుగువేల ఏండ్లాయ, ఇంగా తీర్చలా."
ఆ బాస నేర్పేదానికి ఇక్కడ ఎవురుండారు?
పోస్టులో పుస్తకాలు తెప్పిచ్చుకోని,
దోసె చల్లారిపోతా ఉంటే
సచ్చిపోయినోళ్ళ క్రియాపదాలు వల్లె వేసేది.
క్లాసులో ముగ్గురు పిల్లోళ్ళు.
ఒగ యేడు ఒగడే,
వాడూ బ్యాంకు పరీక్ష రాసి ఎళ్ళిపోయినాడు.
ఆ పొద్దు పాఠం ఆపలేదు ఆయమ్మ.
తలుపు కాడ నిలబడి నేనే విన్నా.

పెనుమూరు పక్క చింతమాకులపల్లె.
బెల్లం గానుగ కాడ, పొయ్యికి ఆనిచ్చి ఒగ వీరగల్లు.
దానిమీద వేలెడు మందం మసి,
పాకం చిందిన చోటల్లా చీమలు.
కడిగినాం. అచ్చు తీసినాం.
కత్తి పట్టిన మనిషి,
కాలి కాడ అరిగిపోయిన బొమ్మ ఏదో,
కింద రెండున్నర వరసలు.
'కో' తేలింది.
దాని పక్క అక్షరాన్ని సగం పొయ్యి తినేసింది.
నెల దినాలు భూతద్దం పట్టి
"కోట" అనింది ఆయమ్మ.
కోట కోసరం పడినాడు.

ఆ ఒగ్గ మాటతో పేరు డిల్లీ దాకా పోయింది.
కోట ఎతికేదానికి జనాలొచ్చినారు,
గుట్టలెక్కినారు, కంపలో పడి చొక్కాలు చింపుకున్నారు.
ఒగాయన పటంలో చుక్క గూడా పెట్టేసినాడు.
మా పక్కన కోట ఉన్నంట అని
నా పెండ్లిచూపుల్లో నేనూ చెప్పుకున్నా.

రిటైరు కావడానికి ఆర్నెల్లుండగా
బీరువాలో పాత అచ్చును చీమలు తినేసుండాయి.
తీపి వాసన ఇరవై ఏండ్లకీ పోలేదేమో.
మళ్ళా పోయినాం.
గానుగామె వళ్ళియమ్మ, ఆర్కాటు నుంచి వచ్చిన కోడలు,
నూకలు జల్లతా మమ్మల్ని గదమాయిచ్చింది:
"నా కోఴిని తొక్కేరు, చూసుకోండి!"
డ కాదు. ళ కాదు.
నాలిక మడిచి యాడో లోపల్నుంచి తీసిన శబ్దం.
మేడం చేతిలో బ్రష్షు నిలిచిపోయింది.
"కడుగు, మొగిలప్పా. ఇంగోసారి కడుగు."

"మనకీ ఉండింది ఆ అక్షరం" అనింది, మోకాళ్ళమీద కూర్చోని.
"ఏడులో ఉండింది, కోడిలో ఉండింది.
ఎప్పుడో పారేసుకున్నాం."
తడి రాతిమీద వేలు పెట్టి
కాలి కాడి బొమ్మకు ముక్కు చూపిచ్చింది. తోక చూపిచ్చింది.
"కోడి కోసరం సచ్చిపోయినాడయ్యా."
నవ్విందో ఏడిచిందో, పొగలో నాకు తెలీలా.

బస్సులో చెప్పినా నేను:
ఎవురికి తెలస్తాది మేడం, ఆర్నెల్లే గదా.
ఆయమ్మ కిటికీలోంచి చెరకు బండ్లు చూస్తా
రాతి కడవరసలో ఉండే శాపం అప్పజెప్పింది.
ఈ రాత చెరిపినోడు
వారణాసిలో వెయ్యి ఆవుల్ని సంపిన పాపాన పోతాడు.
పాకాల దాటేదాకా ఇంగేం మాట్లాడలా.

ఆయమ్మ కడా వ్యాసం ఒకటిన్నర పేజీ.
మొదటి వాక్యం: నేను చదివింది తప్పు.
సన్మానం నాడు శాలువా కప్పినోళ్ళు
కోట గురించే మాట్లాడినారు.
ఆయమ్మ మైకు తీసుకోని చెప్పబోతే కరెంటు పోయింది.

పటంలో చుక్క అట్నే ఉండాది.
నేను నీళ్ళు పోసుకునేటప్పుడు
నాలిక మడిచి చూస్తా ఉంటా.
డ వస్తాది.
ఇంగోసారి మడిస్తే ళ.