డొంబ్రోస్కీ డప్పు

ప్రతి డిసెంబరులో వస్తుంది క్యాలెండర్,
పన్నెండు నెలలకూ ఒకటే ముఖం.
జనవరిలో లైల్ డొంబ్రోస్కీ మంచులో నిలబడి నవ్వుతాడు,
జూలైలో ఈరీ సరస్సు ఒడ్డున కోటు భుజాన వేసుకుని,
అక్టోబరులో, ఎందుకో, ఒక గుమ్మడికాయ ఎత్తుకుని.
కింద బంగారు రంగు అక్షరాలు:
"క్లీవ్‌లాండ్ లాయర్ల నాడి తెలిసినవాడు."
తెలుసని రాసుకున్నదీ తనే.

మా ఆఫీసులో దాన్ని
కాఫీ మెషీన్ పక్కన తగిలించేది బెర్ట్రమ్ ఓక్స్.
మీసాలు గీస్తాడు, కొమ్ములు పెడతాడు,
మార్చి నెల పళ్ళలో ఒకదానికి నల్లరంగు పూస్తాడు.
పదిహేడో అంతస్తంతా వచ్చి చూసి
కాఫీ ఒలికేలా నవ్వి
మళ్ళీ బల్లల దగ్గరికి పోతుంది,
రోజుని ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి
క్లయింట్లకి అమ్ముకోవడానికి.
నవ్విన ముక్క ఎవరి బిల్లులోకి వెళ్ళిందో
నేను అడగను.

అతను ఫోన్ చేస్తే
బల్ల మీద కాళ్ళు చాపుకుని
"కోర్టులో ఉన్నాను" అంటాం.
ఒకసారి పళ్ళ డాక్టరునని చెప్పి లైన్లోకి వచ్చాడు.
ఎవరని అడిగితే పేరుకన్నా ముందు అంకె చెబుతాడు:
మూడు వందల పన్నెండు మందిని కుదిర్చాను.
కుదిర్చాడట! పెళ్ళిళ్ళ పేరయ్యలాగా.
వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు,
పెళ్ళికి ఇతను ఎన్ని ఆడతాడో
లంచ్‌లో పందేలు కాసేవాళ్ళం.

తన డప్పు తానే కొట్టుకునేవాడంటే
మాకు మహా రోత.
మా గోడ మీద మాత్రం
"ఈ ఏటి మేటి న్యాయవాది" పలకలు తొమ్మిది.
ఒక్కోదానికి కట్టిన ఎనిమిది వందల డాలర్ల రసీదు
అకౌంట్స్‌లో మిస్ టెలెకీ దగ్గర ఉంటుంది.
బెర్ట్రమ్‌ది చెర్రీ చెక్క,
దానికి నూట ఇరవై అదనం.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
విడాకుల కాగితాల మీద సంతకం ఆరని నెలలో
కింద పార్కింగ్‌లో, కారు అద్దాలు ఎత్తుకుని,
నేనే అతనికి ఫోన్ చేశాను.
కొలంబస్‌లో పెద్ద సంస్థ,
ఏడాదికి నలభై వేలు ఎక్కువ.

పార్మాలో ఒక పియెరోగీల హోటల్‌కి రమ్మన్నాడు.
వచ్చాడు, కోటుకి మూడో గుండీ లేకుండా.
నలభై నిమిషాలు వాయించాడు:
ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాడో,
ఏ జడ్జి తనని పేరు పెట్టి పిలుస్తాడో,
ఎవరి కూతురి పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నాడో.
నేను ఉల్లిపాయ ముక్కలు పక్కకి తీసుకుంటున్నాను.

ఉన్నట్టుండి ఫోర్కు కింద పెట్టాడు.
"అక్కడికి వెళ్ళకండి" అన్నాడు.
"రెండేళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళని పంపాను.
ముగ్గురూ రాత్రిళ్ళు నాకే ఫోన్ చేశారు.
ఈ మాట నేను అనలేదు."

అతనికి రావలసిన కమిషన్ ఎంతో
నోటిలెక్కన కట్టగలను.
నాలుక ఊరుకోదు కదా, లాయరుది,
"ఆ మూడు వందల పన్నెండులో
వాళ్ళు ముగ్గురూ ఉన్నారా?" అన్నాను.
నాప్‌కిన్‌తో పెదవులు తుడుచుకున్నాడు, చాలాసేపు.
"ఉన్నారు" అన్నాడు.
బిల్లుకి కూపన్ ఇచ్చాడు, గడువు దాటింది,
వాదించి ఒప్పించాడు.

ఈ డిసెంబరు క్యాలెండర్ నిన్న వచ్చింది.
అంకె మూడు వందల నలభై ఒకటి.
"ఈసారి నీ వంతు," పెన్ను నా చేతిలో పెట్టాడు బెర్ట్రమ్.
వెనక అందరూ మీసాల కోసం చూస్తున్నారు.
నేను వంగి
ఏప్రిల్ నెల కోటుకి
లేని గుండీ గీశాను.

"ఇందులో నవ్వడానికేముంది?"
అని పెన్ను లాక్కుని తనే కొమ్ములు పెట్టాడు.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను,
కాస్త ఆలస్యంగా.