ఎనభై ఏడో వంతు

కిటికీ కింద రెండు స్టూళ్ళ మీద
పండుకున్న పాత తలుపు
నా రైల్వే డివిజన్.
చిలకలగూడల ఇల్లు కూలగొడుతుంటె
ఎనిమిది వందలకు బేరమాడి తెచ్చుకున్న.
గొళ్ళెం ఊడిన బొక్కల నించి
వైర్లు కిందికి దిగుతయి.

పగలంత నారాయణగూడ ల్యాబుల పళ్ళు చేస్త.
డబ్బా మీద పేరుంటది, నోరు కనపడది.
మిగిలిన ప్లాస్టర్ సంచిల పోసుకొచ్చి
రాత్రిపూట మౌలాలి గుట్ట పోస్త.
భూమంటె చాయ్‌పత్తా,
ఇరానీ హోటల్ల ఉడికి ఉడికి సత్తువ పోయింది.
ఎండబెట్టి జల్లెడ పడితె
అచ్చం మన దిక్కు మట్టి.
చెట్లు, గిన్నెలు తోమే పీచు.
రాళ్ళు మాత్రం రాళ్ళే.
రాయిని చిన్నగ చేసే పని లేదు,
గులకరాయి గూడ గుట్ట లెక్కనే కూసుంటది.

లెక్క ఒక్కటే, దేన్నయినా ఎనభై ఏడుతోని భాగించుడు.
నేను రెండు సెంటీమీటర్లకు జరంత తక్కువ.
మా ఇంటి కిరాయి నూట యాభై రూపాయలు.
మా అత్తకు నా మీదున్న కోపం మాత్రం
ఎన్నిసార్లు భాగించినా
శేషం మిగులుతనే ఉన్నది.

చుట్టాలొస్తె మొదటి మాట: ఎంతయింది?
రెండో మాట: ఇది ఏడికి పోతది?
ఏడికీ పోదు చిన్నమ్మా, తిరిగి ఈడికే వస్తది.
మరి నువ్వు పొద్దుగాల ఉప్పల్ల ఎక్కినవు,
రాత్రికి ఏడ దిగుతవు?

రాణిగంజ్ ఖాజా భాయ్
బోరు మోటార్లకు తీగ చుట్టే మనిషి.
కాలిన నా ఇంజన్ మోటారు అరచేతిల పెట్టుకొని
"ఏందమ్మా, చీమ గుండెకాయనా?" అన్నడు.
భూతద్దం పెట్టి మూడు దినాలు చుట్టిండు.
పైసలు తీసుకోలె, నడిచేది చూపియ్యమన్నడు.
వచ్చి రెండు గంటలు కూసున్నడు,
ఫోన్ మోగినా ఎత్తలె.

మొదట్ల నా బండ్లు గడియారం చూసి నడిచేటివి.
ప్లాట్‌ఫాం మీద పదకొండు మంది బొమ్మలు,
పదకొండు మొహాలల్ల ఏమీ లేకుండె.
ఒకనాడు సీతాఫల్‌మండిల
ఎంఎంటీఎస్ నలభై నిమిషాలు రాలె.
పక్కనామె, పేరు అడగలె నేను,
సంచిల నించి జామకాయ తీసి సగం కోసిచ్చింది.
ఉప్పుకారం పొట్లం గూడ ఉండె ఆమె దగ్గర.
ఆ రాత్రి ఎర్ర సిగ్నల్ పెట్టి
నా బండిని తొమ్మిది నిమిషాలు ఆపిన.
ఆపి, ఇద్దరు బొమ్మలను
కొంచెం దగ్గరికి జరిపిన.

ఈ ఊరికి దుమ్ము కొదవ లేదు.
ఏదో ఒక పిల్లర్ కోసం ఏదో ఒక రోడ్డు తవ్వుతనే ఉంటరు.
ఆదివారం పట్టాలు స్పిరిట్‌తోని తుడుస్త,
దూది నల్లగయితది.
కంటికి కనపడనంత మసి చాలు
ఇంజన్ తడబడి ఆగనీకె.
విఠల్‌తోని మాట ఆగిన వారం
నాకీ సంగతి బాగ ఎరికే,
స్పిరిట్ సీసానే దొరకలె.
తొమ్మిదో దినం ఆయనే
వంగి తలుపు కిందికి దూరి
"ఈ ఎర్ర వైరు ఊడింది, చూస్కున్నవా?" అన్నడు.

కింది వాటా పిలగాడు దత్తు
మొన్న గుట్ట దగ్గర ముక్కు ఆనించి చూసి
"ఆంటీ, ఈ కొండకు పన్నున్నది!" అని ఒర్లిండు.
నిజమే. అచ్చు పగలగొట్టిన ముక్క
అట్లనే అతికిచ్చినట్టున్న.
గుట్ట అడుగున ఎవరిదో దవడ పన్ను గుంత,
నాలుగు మూలలు, నడుమ చిన్న లోతు.
పూడ్చనీకె ప్లాస్టర్ కలిపిన.
కలిపినంక చేయి రాలె.
గుంతల ఒక్క చుక్క వార్నిష్ వేసిన,
నీళ్ళయినయి.
దత్తు ఒడ్డున ఒక మేకను నిలబెట్టి
తల కొంచెం వంచిండు.