గేటు పడింది

విజయమహల్ గేటు పడింది.
గూడ్సు బండి. ఇంక ఎంత్సేపో.

స్కూటరు హ్యాండిల్‌కి పెంచలమ్మ కట్టిచ్చిన పొట్లం:
మూడు ఎర్రకారం దోశలు,
మీద గుప్పెడు పప్పులపొడి,
అరిటాకు, పాత పేపరు, పురికొస నాలుగు చుట్లు.
"చట్నీ కవరు నిటారుగా పట్టుకో అబ్బయా,
నిన్న హోంగార్డు చొక్కా నిండా పోసుకున్నాడు."

ఇరవై పెట్టెలదాకా లెక్కబెట్టా.
నూనె పేపరుకెక్కి
వెనక పేజీ ముందుకొచ్చేసింది:
'వరుడు కావలెను, బి.కాం., చామనఛాయ,
ట్రాక్టరుతో సహా అమ్మబడును.'
ఒక్కణ్ణే నవ్వుకున్నా.

వాసన ఊరుకోదు గదా.
పక్క బండి మీద పిల్లోడు తల తిప్పాడు,
కాసేపటికి వాళ్ళ నాయనా.

ఇంటికెళ్ళి పళ్ళెంలో పెట్టుకోవచ్చు.
సుభాషిణి నైట్ డ్యూటీకి పోయే ముందు
ఇద్దరం కలిసే తినొచ్చు.
కానీ మూల దగ్గర పేపరు కాస్త చిరిగుంది.
వేలు పట్టేంత.
అంచే గదా, కరకరలాడే అంచు,
ఇంటికి చేరేలోపు ఎటూ మెత్తబడుద్ది.

గేటు లేచింది.
పురికొస ముడి అట్టనే ఉంది,
లోపల రెండే ఉన్నాయి.

సుభాషిణి పొట్లం విప్పింది.
లెక్క అడగలేదు.
నా మీసం వైపు చూసి,
"గేటు పడిందా?" అంది.