నానిన తోలు

రాత్రి గిన్నెల నీళ్ళు పోసి
తోలు వాషరు నానేస్తం.
తెల్లారేసరికి మెత్తగైతది, లేగదూడ నాలిక లెక్క.
ఎండుది ఎక్కిస్తే బోరింగు పలకదు.
రెక్కలు పొయ్యేదాకా కొట్టు,
గాలే ఎగపోస్తది.

మా తాత సాంబడు మోటబొక్కెనలు కుట్టెటోడు.
ఆయన కుట్టిన తోలు మీద
పటేలు మడికట్లన్ని పచ్చగున్నయి.
ఆయన మాత్రం దోసిలి పట్టి వంగితే
ఎవలో మీదికెళ్ళి పోసేది.
బాప్తిస్మం నాడు వాగుల మునిగి లేచి
"ఇయ్యాల నీళ్ళల్లకు నేనే దిగిన" అన్నడట.
ఆ మాట చెప్పంగ మా నాయిన గొంతు ప్రతిసారి ఆగేది.

"బొక్కెన నీళ్ళు తాగదు బిడ్డా, మోస్తది."
ఇదీ తాత మాటే.
కడుపు మండి అన్నడో, భక్తితోటి అన్నడో
ఇప్పటికీ నాకు తెల్వదు.

మొన్న వానకాలం కాపులకనపర్తిల
మేస్త్రి పోశాలు బిడ్డకు పదకొండు దినాల జరం.
పైపులు గుంజి గుంజి గ్రీసైన చేతులే
ఆ పిల్ల నెత్తి మీద పెట్టి ప్రార్థన చేసిన.
మూడోనాడు గంజి అడిగింది.
ఇగ చూడు,
సంగెం కాన్నుంచి నెక్కొండ దాక ఫోన్లు.
"ఎలీషన్నా, నీ చేతుల ఏదో ఉన్నదే!"
"దేవునికే మహిమ" అన్న నోటితోటి.
ఇంటికొచ్చి
సబ్బుతోటి రెండుసార్లు కడిగి
ఆ చేతులను దీపం కాడ తిప్పి తిప్పి చూసుకున్న.

హన్మకొండ కూడికకు సాక్ష్యం చెప్పుమన్నరు.
ఫ్లెక్సీ కొట్టిచ్చిండ్రు.
నా మొకం తలుపంత.
ప్రభువు పేరు కింద, ప్రెస్సోని నంబరు పక్కన.
తప్పని ఎరుకే. మరి ఎందుకు
అటు దిక్కు రెండుసార్లు బండి తిప్పిన్నో!

ఆ వారమంత అద్దం ముంగట సాక్ష్యం నేర్చుకున్న.
ఎక్కడ ఆగాలె, ఎక్కడ కండ్లు తుడుచుకోవాలె.
వాషరు నానేసుడు మర్సిన.

సాక్ష్యం నాడు పొద్దుగాల ఎల్గూర్ల బడికాడ బోరింగు.
దుకాణంల కొన్న వాషరు కొన్నట్టే ఎక్కిచ్చి
ఏడు పైపులు దించి బిగిచ్చిన.
హ్యాండిలు కొడితే కుక్క దగ్గినట్టు చప్పుడు.
చుక్క లేదు.
ఖాళీ సీసలు పట్టుకోని నలభై మంది పిల్లలు,
నా మొకం దిక్కే చూస్తున్నరు.
ఎండ మాడ మీదికొచ్చింది.
మళ్ల ఏడు పైపులు గుంజి బయటేస్తే
వాషరు అంచు పగిలున్నది,
అప్పడం లెక్క.

దీనమ్మకు ఫోన్ చేసిన.
"గిన్నెల ఒకటున్నది, పంపుతున్న" అన్నది.
నేనెప్పుడు ఏసిన్నని అడిగిన.
"నువ్వు కాదు.
రోజూ రాత్రి నేనే ఏస్తా. ఇరవై ఏండ్లాయె" అన్నది.
అటెనుక పోపు చిటపటలు. ఫోన్ పెట్టేసింది.

పిలగాడు సైకిల్ మీద తెచ్చిండు
తడి గుడ్డల చుట్టి.
అరచేతుల ఏసుకుంటే
వేలు ఎటొత్తితే అటు వంగింది.
దానికి తనదని ఒక ఆకారం లేదు,
ఆ గొట్టంల కూసునే ఆకారం తప్ప.
నేను ప్రార్థన చెయ్యలే.
చెయ్యాలన్న సోయే లేకుండె.
చేతులు మాత్రం వణికినయి.

మొదలు తుప్పు నీళ్ళు.
ఎర్రగ, వాసనతోటి, చానసేపు.
అటెనుక తేటగ.
పిల్లలు తాగిండ్రు, మీద సల్లుకున్నరు,
గంట కొట్టంగనే ఉరికిండ్రు.
ఒక్కడు గూడ నా దిక్కు చూడలే.
లోపటి తోలు సంగతి వాళ్ళకెందుకు!
నాకు నవ్వొచ్చింది. తాత యాదికొచ్చి
నవ్వు సగంల ఆగింది.

మాపటికి కూడికకు పోయిన, పోకుంట కాదు.
మైకు ఇస్తే
నేర్చుకున్నదొక్కటి యాదికి రాలే.
బోరింగు ముచ్చట రెండు నిమిషాలు చెప్పి దిగిన.
పాస్టరు దేవసహాయం మొకం చిన్నబోయింది.

రాత్రి ఇంట్ల దీనమ్మ
గిన్నెల నీళ్ళు పోస్తున్నది.
"రేపు పనేం లేదు కదనే" అన్న.
"ఏ ఊరు పిలుస్తదో నీకేమెరుక?
జర జరుగు" అన్నది.

జరిగిన.