నలభై

ఘయాతి దాటినంక రోడ్డు ఇసుకల మునుగుతది.
ఆడ కంచె మొదలైతది, నా కొలువు మొదలైతది.
తెల్లారకముందే బండెడు ఎండుగడ్డి దించి
రీమ్ జింకలను లెక్కవెట్టుడు నా పని.
తేలికనుకునేరు.
ఇసుక రంగుది ఇసుక మీద నిలవడితే
కదిలేదాక అది జింక గాదు.

మొన్న కార్తీకంల మూడు నూర్ల పన్నెండు తేలినయ్.
సూడాన్ డాక్టర్ తిజానీ మోకాళ్ల మీద కూసోని
కొరికి ఇడిసిన గాఫ్ చెట్టు బెరడును వేలితో తడిమిండు.
"ఈ నేల ఇన్నింటిని మొయ్యదు" అన్నడు, అంతే.
నెలకు కాయితం వచ్చింది:
నలభై. మగవే. కొమ్ములు ముదిరినవే.
చలి పోయేలోపే. చూలుదాని జోలికి పోతే జైలు.

తుపాకులొచ్చినయ్.
ఒక్కో జింక చెవికి పచ్చ బిళ్లతో బండెక్కింది.
నేను గీతలు గీసిన, ఐదింటికి ఒక కట్ట.
బేస్తవారం మాపటికి ఎనిమిది కట్టలైనయ్.

శుక్రవారం పెద్ద బండి.
దిగినాయన చేతిల సిఫారసు ఉత్తరం,
వెనక సీట్ల కళ్లకు టోపీ తొడిగిన డేగ.
"ఒక్కటే" అన్నడు, దూరంగ ఉన్న కుంటిపోతును చూపెట్టి.
మా బలూచి కావలి దిల్‌మురాద్
చాయ్ పోసిండు, ఖర్జూరాలు పెట్టిండు,
బుక్కు తెరిచి ఎనిమిది కట్టలు చూపెట్టిండు.
ఆయన ఫోన్లు జేసిండు.
దిల్‌మురాద్ మల్ల చాయ్ పోసిండు.
ఉత్తరం ముందట ఓడిపోని తాళంచెవిని
నా నలభై ఆరేండ్లల్ల మొదటిపారి చూసిన.

నాలుగొద్దులకు ఆ కుంటిది కంచె పక్కన పడి సచ్చింది.
ఎవ్వరికీ కూర గాలే, నక్కలకు తప్ప.
బుక్కుల దానికి వేరే గడి: 'తనంతట తాను'.
రాస్తుంటే చెయ్యి ఆగింది.
"ఆయనకే ఇస్తే పోయేది గద సారూ?"
తిజానీ సిరంజి కడుగుతనే అన్నడు:
"ఇస్తే నలభై ఒకటి.
రేపటాయన నలభై ఒకటి కాన్నుంచి మొదలువెడతడు."
సమజైంది. సగం.

రాత్రి తాయమ్మ ఫోన్, మాగనూరు దిక్కు నుంచి.
"కిష్ణ ఒడ్డు జింకలు మల్ల శెనగ చేన్ల పడ్డయ్.
రాయి ఇసిరితే కేసంటరు.
మీ తాన నలభై అని రాసిచ్చిన సారున్నడు గద,
ఒక్కపారి ఇటు తోలియ్యరాదు?"
నేను నవ్విన. ఆమె నవ్వలే.
ఫోన్ చెవికాన్నే ఉన్నది, రేకుడబ్బా కొడుతనే ఉన్నది.
ఎన్నొచ్చినయ్ అని అడిగిన.
"ఒక్కదాన్ని.
చీకట్ల ఎవరు లెక్కవెడతరు?" అన్నది.