ఎడమ చెవి

కుడి చెవి లాడ్జీది.
జీతం దానికే ఇస్తారు.
రెండున్నర బస్సు దిగి "రూముందా బాబూ" అనే వాళ్ళకీ
వేడినీళ్ళు రాలేదని అరిచే పద్నాలుగో నంబరుకీ
అది తెరిచే ఉండాల.

ఎడమ చెవి నాది.
ఈ నెలంతా అందులో 'తడిసిన అగ్గిపెట్టె' కాపురముండారు.
షిల్లాంగు పక్క ముగ్గురు పిలకాయలు.
డ్రమ్ములమ్మాయి ప్రతి పాటనీ ఒక అడుగు ముందే ఎత్తుకుంటాది,
మిగతా ఇద్దరూ కదిలిపోయే బస్సు వెంట పరిగెత్తి
కమ్మీ పట్టుకోని ఎక్కుతారు.
పదకొండు పాటలు, ఇరవై రెండు నిమిషాలు.
ఒక కుటుంబం ఆధార్ కార్డులు వెతుక్కునే లోపల
సగం అయిపోతాది.

దానికి ముందు, ఏప్రిల్లో, ఆ కీచుగొంతాయన.
ఐస్లాండో ఏదో, పేరు పలకను నాకు నోరు తిరగదు.
గిటారు మీటడు, గోకతాడు,
అడుగంటిన పాలగిన్నెని గరిటెతో గోకినట్టు.
ఆ మాడులో తీపుంటాది.
చిన్నప్పుడు గోక్కోని తిన్నోళ్ళకి చెప్పబళ్ళే.

ఆయన రికార్డు కొన్న్యా, రెండువేల ఎనిమిదొందలు.
కొర్లగుంటలో రేకుల గది. మే నెల.
నల్లపళ్ళెం అప్పడం మాదిరి వంగిపోయింది.
ఇప్పుడు సూది ఎక్కి దిగినప్పుడల్లా
ఆయన గొంతు ఘాటురోడ్డు పట్టతాది,
నిమిషానికి ముప్పైమూడు మలుపులు.
మైకుసెట్టు దస్తగిరి చూసి,
"రెండద్దాల నడమ పెట్టి బరువెయ్యి, సాపవతాది" అన్న్యాడు.
వద్దన్న్యా.
ఆ చలిదేశంలో ఒక్కడికైనా
ఈ పాట ఇట్ల వినపడతాదా?

నిన్న పొద్దున పుణెనుంచి పన్నెండుమంది దిగినారు కొండ,
అందరివీ గంధం పూసిన గుండ్లు.
కౌంటరు ముందు ఒకర్నొకరు తోసుకుంటా ఉంటే
చెవిలో సరిగ్గా మూడో పాట.
తాళాలిస్తా నవ్వినానని మేనేజరు తిట్టినాడు.

తిట్టంటే గుర్తొచ్చింది.
మా వాచ్‌మన్ మునస్వామి
పదేళ్ళుగా గొంతు పెంచినోడు కాదు.
పెట్టె మోసి, చేతిలో ఐదు రూపాయలు పడితే ఐదుకే వంగతాడు.
గంగజాతరలో చూసినా,
ఒంటినిండా బొగ్గు, నడుముకి వేపాకు.
లాడ్జీ మెట్ల ముందర నిలబడి
ఓనరునీ, ఓనరు తాతనీ,
నన్నూ, లిఫ్టునీ, ఎండనీ
ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు తిట్టినాడు.
పలకలు ఆయన వెనక పరిగెత్తినాయి.
ఎవురూ చప్పట్లు కొట్టలే.
దండం పెట్టినారు.

మర్నాడు రాత్రి మళ్ళీ అదే స్టూలు,
చెవి వెనక కడగని బొగ్గు మరక.
నా రొమ్ము మీద ఊరికే ఏలాడే రెండో తీగ
తీసి ఆయన చెవిలో పెట్టినా.
అగ్గిపెట్టె వాళ్ళ ఆరో పాట, మాటలకంటే అరుపులెక్కువ.
కళ్ళు మూసుకోని చివరిదాకా విన్న్యాడు.
"ఏ అమ్మవారిదబ్బోడా ఇది?"

నేను ఇంకా ఆలోచిస్తా ఉండా,
బెల్లు మోగింది.
పద్నాలుగు.
వేడినీళ్ళు.